నిలబడిన కాలు

ఆస్పత్రిలో నా గది తలుపు పైన ఫిజియోథెరపీ అని బోర్డు ఉండేది. దాన్ని ఆ పేరుతో పిలిచినవాళ్ళను నేను చాలా తక్కువ చూశాను. చింతామణిలో నేను ‘కరెంటు పెట్టే సారు’ని. బాగేపల్లిలో ‘కాళ్ళు వంచే సారు’ని. చిక్కబళ్ళాపురం చేరేసరికి కొందరు డాక్టరనడం మొదలుపెట్టారు. కాదని చెప్పి చెప్పి, చివరికి చెప్పడం మానేశాను. నా ఉద్యోగమంతా ఈ మూడు ఊళ్ళ మధ్యే గడిచింది.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు కలిసినప్పుడల్లా యంత్రాల గురించి అడుగుతారు. ఏది కొనాలి, దేనికి ఎంత సేపు పెట్టాలి అని. నేను వాడిన యంత్రాల్లో కొన్ని వెచ్చదనం తప్ప ఇంకేమీ ఇవ్వలేదని నా అభిప్రాయం. అందుకే వాటి జోలికి పోను. ఆటలాడేవాళ్ళు మన దగ్గరికి తెచ్చే పాదం నొప్పులూ, చీలమండ నొప్పులూ నాకు నేర్పినవి కొన్ని రాస్తాను. డైరీ రాసే అలవాటు హైస్కూలు నుంచీ ఉంది కాబట్టి జ్ఞాపకం మరీ గాలికి పోలేదు. ప్రమోషన్లు, బదిలీలు, ఆఫీసు కాగితాలు వదిలేశాను. అవి తిరిగి చదివితే నాకే నిద్ర వస్తుంది.

నడుస్తున్నాడు కాబట్టి విరగలేదు

ఈ మాట మీకు మొదటి వారంలోనే వినబడుతుంది. మంచేనహళ్ళి పక్కనుంచి ఒక తండ్రి కొడుకును బైకు మీద తీసుకొచ్చాడు. పిల్లవాడు టెన్నిస్ బంతితో క్రికెట్ ఆడుతూ, క్యాచ్ పట్టబోయి పాదం లోపలికి మడతపడి పడిపోయాడు. అప్పటినుంచీ పాదం బయటి అంచున నొప్పి. అయినా రోజూ పొద్దున పాలక్యాను డెయిరీకి మోస్తూనే ఉన్నాడు.

“బెణుకే సార్. నూనె రాసి తోమితిమి, తగ్గలే. కరెంటు పెట్టండి,” అన్నాడు తండ్రి.

“ఎక్స్‌రే తీయించినారా?”

“ఏంటికి సార్? నడుస్తాండాడు గదా. విరిగింటే నడుస్తాడా?”

నేను పాదం అంచు వెంబడి వేలితో నొక్కుకుంటూ వెళ్ళాను. చిటికెనవేలి ఎముక మొదలు దగ్గర పిల్లవాడు మంచం మీంచి లేచినంత పని చేశాడు. ఎక్స్‌రేలో అక్కడే చీలిక కనబడింది. దాని మీదే అన్నాళ్ళూ క్యాను మోశాడు.

అడుగు వేయలేకపోతే ఎక్స్‌రేకు పంపాలన్నది నిజం. అడుగు వేయగలిగితే విరగలేదన్నది నిజం కాదు. ఈ రెండూ ఒకటే అనుకునేవాళ్ళు చదువుకున్నవాళ్ళలోనూ ఉన్నారు. నరమో (లిగమెంటును మా వైపు అట్లాగే అంటారు) కండరమో లాగితే నొప్పి అరచెయ్యంత చోట పరుచుకుంటుంది. ఎముక నొప్పి వేలి కొనంత చోట కూర్చుంటుంది. మీ వేలికి ఆ తేడా తెలియాలి. యంత్రానికి తెలియదు.

వెనకనుంచి తన్నిందెవరు

బాగేపల్లిలో ఉద్యోగుల ఆటల పోటీలు జరిగాయి. ఏడాదంతా కుర్చీ వదలని ఒక గుమాస్తా ఆ రోజు షటిల్ ఆడాడు. ముందుకు ఉరికినప్పుడు మడమ వెనక టప్పుమని ఎవరో తన్నినట్టయింది. వెనక్కి తిరిగి చూస్తే అతని స్నేహితుడు నీళ్ళసీసా పట్టుకుని నిలబడి ఉన్నాడు. అంతే, మైదానంలోనే గొడవ. ఇద్దరూ నా గదిలోకి తగువుతోనే వచ్చారు.

“ఈయప్పే తన్నినాడు సార్. దెబ్బ తగిలింది నాకు తెలీదా?”

“నేను లైను బయట ఉండాను సార్. నా కాలు అంత పొడుగుండాదా, మీరే చూడండి.”

అతన్ని బోర్లా పడుకోబెట్టి బాగున్న కాలి పిక్క పిసికాను. పాదం కిందికి కదిలింది. రెండో పిక్క పిసికితే పాదం కదల్లేదు.

“ఎవరూ తన్నలేదప్పా. మడమ వెనక తాడు మాదిరి నరం ఉంటుంది చూడు, అది తెగింది. ఆపరేషన్ చెయ్యాల. తెగినప్పుడు తన్నినట్టే ఉంటుంది.”

స్నేహితుడు సీసా మూత బిగిస్తూ, “విన్నావా? ఆపరేషన్ చేస్తారంట. నీకు బదులు నాకు చెయ్యమనేవు మళ్ళా,” అన్నాడు.

నలభై దాటి ఏడాదికొకసారి ఆడేవాళ్ళలో ఈ దెబ్బ చూస్తాం. వాళ్ళ మాట నమ్మండి. తన్నినట్టుందంటే తన్నినట్టే ఉంది. ఎవరు తన్నారన్నది మాత్రం వాళ్ళకు తెలియదు.

మేడమ్ తువ్వాలు

నా పైఅధికారుల్లో ఎక్కువమంది దగ్గర నేర్చుకున్నదేమీ లేదు. ఒక్క సర్జన్ మేడమ్ దగ్గర నేర్చుకున్నాను. ఆమె కోపిష్టి. నర్సులు ఆమె గదిలోంచి కళ్ళు తుడుచుకుంటూ రావడం నేను చూశాను, అది మంచి పద్ధతి కాదని ఇప్పటికీ అంటాను. కానీ దెబ్బ తగిలిన కాలితో ఎవరొచ్చినా ఆమె ముందు ఆ కాలి మీద తువ్వాలు కప్పేది.

“అది యాడికీ పోదు. బాగుండే కాలు చూపించు,” అనేది.

బాగున్న కాలు ఎంత వంగుతుంది, ఎంత గట్టిగా నెడుతుంది, ఎముక ఎక్కడ పొడుచుకొచ్చి ఉంటుంది అని చూసి, ఆ తర్వాత తువ్వాలు తీసేది. మనిషికి తన కొలత తన రెండో కాలే అన్నది ఆమె పాఠం. నేను దాన్ని ఉద్యోగమంతా పాటించాను. అయితే ఆ పాఠంలో ఒక సగమే నాకు అర్థమైందని కెంచార్లహళ్ళి పిల్ల వచ్చినప్పుడు తెలిసింది.

తగ్గని బెణుకు

ఆ పిల్ల పేరు చైత్ర. చింతామణి తాలూకా కెంచార్లహళ్ళిలో పదో తరగతి చదువుతూ ఖోఖో ఆడేది. ఖోఖోలో కూర్చున్నచోటునుంచి ఒక్కసారి లేచి పక్కకు తిరగాలి, స్తంభం పట్టుకుని చుట్టూ వంగాలి. ఆ భారమంతా చీలమండ మోస్తుంది. స్కూలు మైదానంలో ఎడమకాలు లోపలికి మడతపడి ఆమె మా దగ్గరికి వచ్చింది. ఎక్స్‌రేలో ఎముక బాగుంది. బయటివైపు నరం సాగింది. ఇంత మామూలు దెబ్బ మా పనిలో ఇంకొకటి లేదు.

చేయవలసినవన్నీ చేశాం. మంచుగడ్డ, కట్టు, కాలు ఎత్తిపెట్టుకోవడం. వాపు తగ్గాక మెల్లగా వ్యాయామం. సామాన్యంగా కొన్ని వారాల్లో పరుగెత్తిస్తాం. ఈ పిల్లకు మాత్రం తగ్గినట్టే తగ్గి మళ్ళీ వాచేది. బిగువు రాదు. ఒక కాలి మీద నిలబడమంటే చీలమండ వణికేది.

ఆమె పక్కన పీటీ మేష్ట్రు కూర్చునేవాడు. నడుంనొప్పి మనిషి కావడంతో కుర్చీలో ఒక పక్కకు వాలి కూర్చునేవాడు.

“సార్, చిక్కబళ్ళాపురంలో సెలెక్షన్ ఉండాది. ఎంపికైతే క్రీడా హాస్టల్లో సీటు. చదువూ ఆడనే, ఆటా ఆడనే. మా స్కూల్లో ఇంతవరకూ ఎవరూ పోలేదు.”

“కాకపోతే?”

చైత్రే చెప్పింది. “కాకపోతే పది అయినాక పీయూసీ చదివేదానికి చింతామణి బస్సు సార్. ఆ కాలేజీలో ఖోఖో లేదు. ఆడేది ఇంతటితో సరి.”

గొంతులో ఏడుపు లేదు. బస్సు టైము చెప్పినట్టు చెప్పింది. నాకు అదే ఎక్కువ బాధనిపించింది.

తర్వాతిసారి మళ్ళీ వాపుతో వచ్చింది. నేను కొంచెం కటువుగానే అడిగాను. “ఆడొద్దన్నాను గదమ్మా. ఆడుతున్నావా?”

“లేదు సార్.”

“ఎగురుతున్నావా? బరువులు మోస్తున్నావా?”

“లేదు సార్. మీరు చెప్పిండేదే చేస్తాండాను.”

మేష్ట్రు కూడా మైదానంలో కాలు పెట్టనివ్వలేదని ఒట్టు పెట్టాడు. నాకు దారి తోచలేదు.

బెంచీ మీద మాట

జవాబు నా గది బయట బెంచీ మీద దొరికింది. అంతకుముందు నడుంనొప్పితో నా దగ్గర తిరిగిన ఒక రైతు ఆ రోజు భార్య మోకాలి కోసం వచ్చాడు. నడుం ఎట్లా ఉందని అడిగాను.

“బాగుండాది సార్. మీరు తప్పుగా అనుకోవద్దు, మీ కరెంటుతో తగ్గలే. కెంచార్లహళ్ళిలో ఎదురుకాళ్ళ పాప తొక్కె, సరిపాయె.”

పుట్టేటప్పుడు తలకు బదులు కాళ్ళు ముందు వచ్చినవాళ్ళను మా వైపు ఎదురుకాళ్ళవాళ్ళంటారు. వాళ్ళు కుడికాలితో వీపు మీద తొక్కి కిందికి రాస్తే నడుం పట్టు, మెడ పట్టు వదులుతాయని నమ్మకం. ఆ మాట నేను చిన్నప్పటినుంచీ వింటున్నదే.

“ఏ పాపప్పా అది?”

“నారాయణమ్మ మనమరాలు సార్. మీ దగ్గరికే వస్తాండాది గదా, ఎడమకాలికి బట్ట చుట్టుకోని.”

అతని భార్య మోకాలి చుట్టూ పట్టీ కడుతున్న నా చెయ్యి అట్లాగే నిలిచిపోయింది. కుడికాలితో తొక్కాలంటే ఎడమకాలి మీద నిలబడాలి.

నారాయణమ్మ వాకిలి

ఆదివారం పొద్దున్నే నేను కెంచార్లహళ్ళి బస్సెక్కాను. నారాయణమ్మ చైత్రకు నాయనమ్మ. ఆమె ఇంటి ముందు బండలు పరిచిన వాకిలి, నీళ్ళు పోవడానికి ఒక పక్కకు వాలుగా ఉంది. అప్పటికే జనం గోడవారన కూర్చుని ఉన్నారు. కొందరు పక్క ఊళ్ళవాళ్ళు. చాప మీద ఒక పెద్దాయన బోర్లా పడుకుని ఉన్నాడు.

చైత్ర ఎడమకాలి మీద నిలబడి, కుడిపాదం ఆయన వీపు మీద ఆనించి మెల్లగా నడుం దాకా రాసింది. మళ్ళీ పైకెత్తి మళ్ళీ రాసింది. పెద్దవాళ్ళకు కాలు తగిలితే కళ్ళకద్దుకునే ప్రాంతం మాది. అందుకని తొక్కడం ముగిసినప్పుడల్లా ఆ పిల్ల గొంతుక్కూర్చుని పడుకున్నవాళ్ళ పాదాలకు దండం పెట్టి లేచేది. వెంటనే ఇంకొకరు పడుకునేవారు. వాలు బండ మీద ఆ ఎడమ చీలమండ ఊగడం నాకు గోడ దగ్గరికి కూడా కనబడుతూ ఉంది.

ఒంటికాలి మీద నిలబడమని నేను చెప్పింది గోడ పట్టుకుని, చదునైన చోట, కొద్ది సేపు. ఈ పిల్ల అదే పనిని ఊరందరి కోసం చేస్తూ ఉంది.

నన్ను చూసి కాలు దించింది.

“ఇది నాకెందుకు చెప్పలేదమ్మా?”

“మీరు ఆట గురించి అడిగితిరి సార్, బరువుల గురించి అడిగితిరి. ఇది అడగలే గదా.” కొంచెం ఆగి, “ఇది పని అని నేను అనుకోలే. చిన్నప్పటినుంచీ చేసేదే,” అంది.

నారాయణమ్మ నాకు కుర్చీ వేయించి కాఫీ ఇచ్చింది. విషయం చెప్పాను. కాలు బాగయ్యేదాకా ఇది ఆపాలన్నాను.

“ఎట్ల సార్ ఆపేది? నొప్పి అని వాకిట్లోకి వచ్చినోళ్ళను పొమ్మనేదానికి నోరొస్తాదా? దుడ్లు తీసుకునేది కాదు, ఈ పొద్దు అంగడి మూసినాము అనేదానికి.”

“కాలు పోతే సెలెక్షన్ పోతుందమ్మా.”

“అది నాకు తెలీదా? దినామూ రాత్రి కాలికి వేన్నీళ్ళ కాపడం పెట్టేది నేనే.” ఆమె చైత్ర వైపు చూసింది. “దాన్నే అడగండి. అది ఒద్దంటే నేను తలుపు మూస్తాను.”

చైత్ర గోడవైపు చూసింది. గోడవారన కూర్చున్నవాళ్ళలో ఆమె స్నేహితురాలి తల్లి ఉంది, పాలుపోసే ముసలామె ఉంది. ఒద్దని ఆ పిల్ల ఎట్లా అంటుంది?

ఇక్కడ యువకులకు ఒక మాట. ఆ వాకిట్లో నేను చెప్పగలిగిన సంగతి ఒకటి ఉంది: చాలా నడుంనొప్పులు కొన్నాళ్ళకు వాటంతటవే తగ్గుతాయి, కాలు పెట్టినా కరెంటు పెట్టినా అని. అది నిజం. ఆ పొద్దున చెప్పుంటే, నా మర్యాద పోవడం అటుంచి, చైత్ర మళ్ళీ ఆస్పత్రికి వచ్చేది కాదు. నిజం చెప్పడానికి కూడా ఎవరి కాలు బాగుచేస్తున్నామో చూసుకోవాలి.

నేను అడిగాను. “కూర్చుని తొక్కితే?”

గంగులప్ప అనే పెద్దాయన, అప్పుడే చాప మీంచి లేచినవాడు, నవ్వాడు. “కూచోని తొక్కేది యాడన్నా ఉండాదా సార్? బరువు పడొద్దా?”

“బరువుతో తగ్గేదైతే ఎవరు తొక్కినా తగ్గాల గదప్పా. నేను ఈ పాపకంటే బరువు. నా దగ్గరికి ఎవరూ రారే?”

గోడవారన నవ్వులు లేచాయి. “అదీ నిజమే,” అన్నారెవరో.

“కాళ్ళు ముందొచ్చినదానికే గదా మీరంతా వస్తాండేది. నిలబడినా కూర్చున్నా ఆ కాలు అదే కాలు.”

నారాయణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నన్ను చూసింది. నమ్మకం లేనివాడు నమ్మకంలోంచి మాట్లాడుతున్నాడని ఆమెకు తెలిసిపోయింది. లోపలికి వెళ్ళి ఎత్తుపీట తెచ్చి చాప పక్కన వేసింది.

పీట వచ్చింది కానీ చాప మీదికి ఎవరూ రాలేదు. ఒకరినొకరు చూసుకున్నారు. కొత్త పద్ధతిలో మొదట పడుకోవడానికి ఎవరికి మనసొప్పుతుంది?

నేను చెప్పులు విడిచి, కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకుని బోర్లా పడుకున్నాను. నాటకమాడలేదు. పొట్టి మంచాల మీద వంగి వంగి పనిచేసినవాణ్ణి, నడుంనొప్పి నాకు ఎప్పటినుంచో ఉంది.

చైత్ర పీట మీద కూర్చుంది. ఎడమకాలు నేల మీద తేలిగ్గా ఆనించింది. కుడిపాదం నా వీపు మీదికి వచ్చింది. మెత్తగా, చల్లగా ఉంది. నేను మెడ తిప్పి ఆమె ఎడమ చీలమండనే చూస్తూ ఉన్నాను. ఊగలేదు. ఆమె దండం పెట్టబోతే, “కూర్చునే పెట్టమ్మా,” అన్నాను.

లేచి నిలబడ్డాను. అందరూ నన్నే చూస్తున్నారు.

“తగ్గిందా సార్?” అన్నాడు గంగులప్ప.

అవునంటే అబద్ధమవుతుందేమో. కాదంటే పీట లోపలికి పోతుంది.

“తెల్లారి లేచి చూసి చెప్తాను.”

“ఆస్పత్రోళ్ళు అంతే,” అన్నాడు గంగులప్ప. అయినా తన వెనకున్నవాణ్ణి మోచేత్తో పొడిచి, “పోరా, పండుకో. సారే పండుకుండె,” అన్నాడు.

తెల్లారి తొందరగానే గంగులప్ప ఫోను. నంబరు మేష్ట్రు దగ్గర తీసుకున్నాడట. “ఎట్లుండాది సార్?”

“నిన్నటికంటే సులువుగా ఉందప్పా.” అది నిజమే. ఎందుకని మాత్రం నాకు తెలియదు. సులువుగా ఉందనీ, కారణం తెలియదనీ డైరీలో రెండూ రాసుకున్నాను.

చిక్కబళ్ళాపురం మైదానం

పీట వచ్చాక వాపు మళ్ళీ రాలేదు. మొదట చదును నేల మీద ఒంటికాలు, తర్వాత కళ్ళు మూసుకుని ఒంటికాలు, తర్వాత పక్కకు దూకడం, చివరికి మేష్ట్రు మైదానంలో స్తంభం చుట్టూ తిరగడం. కొత్తగా నేనేమీ చేయలేదు. మొదటినుంచీ చెప్పిన వ్యాయామమే. ఇప్పుడు దానికి పనిచేసే వీలు దొరికింది.

మేడమ్ చెప్పిన పాఠంలో నాకు అందని సగం ఇది. బాగున్న కాలు ఎట్లా ఉందో చూశాను. అది రోజంతా ఏం చేస్తుందో అడగలేదు. కాలు బెణికేది మైదానంలోనే. అది ఎందుకు తగ్గడం లేదో ఇంటి దగ్గర తెలుస్తుంది. కుట్టుమిషను తొక్కుతారా, ట్రాక్టరు క్లచ్చి ఏ కాలితో నొక్కుతారు, నీళ్ళు ఎక్కడినుంచి మోస్తారు అని అడగండి. పని అని వాళ్ళు అనుకోనిదాన్ని అడగండి.

సెలెక్షన్ రోజు సెలవు పెట్టి వెళ్ళాను. చైత్ర ఆడుతున్నంతసేపూ నేను ఆట చూడలేదు, ఎడమ చీలమండ చూశాను. ఒకసారి స్తంభం దగ్గర ఆమె శరీరమంతా ఆ కాలి మీదికి వచ్చింది. కట్టు కట్టిన చీలమండ వంగి, నిలిచి, ఆమెను ఇంకో పక్కకు తోసింది. మేష్ట్రు నా మోచెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే తర్వాత అది నేనే నొక్కుకోవలసి వచ్చింది.

సాయంత్రం ఎంపికైనవాళ్ళ పేర్లు చదివారు. చైత్ర పేరు మధ్యలో ఎక్కడో వచ్చింది. పిల్లలు ఆమెను చుట్టుకున్నారు. ఆమె విడిపించుకుని మా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. నేను ఆ పరుగులో కూడా ఆ చీలమండనే చూశాను. బాగుంది.

మేష్ట్రు కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత నడుం మీద చెయ్యి పెట్టుకుని కొంచెం సిగ్గుగా అన్నాడు. “చైత్రా, పొద్దున్నుంచీ నిలబడి నిలబడి నడుం పట్టేసింది. హాస్టల్‌కు పోయేలోగా నాకొకసారి...”

నేను నోరు తెరవబోయి ఆగాను. చైత్ర నా వైపు చూడలేదు. మైదానం అంచున సిమెంటు మెట్టు ఉంది. మేష్ట్రు తువ్వాలు కింద పరుస్తూ ఉంటే, ఆమె ముందు ఆ మెట్టు దగ్గరికి నడిచి, చేత్తో దుమ్ము దులిపి కూర్చుంది. ఎడమకాలు కుదురుగా నేల మీద పెట్టుకుని, ఆ తర్వాత కుడికాలు చాపింది.